పాప రాసిన 6/9 తప్పా, ఒప్పా?

కోదాడ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. పదో తరగతి వరకు చదివారు. ఇంట్లోనే బ్లౌజులు కుడతారు, పెళ్లిళ్ల సీజన్లో మగ్గం వర్క్ కూడా చేస్తారు. భర్త పొలాలు, ప్లాట్లు అమ్మించే ఆఫీసులో పనిచేస్తారు. ఒక్కతే కూతురు, ఆరో తరగతి. కాలనీలోనే ఒక సార్ దగ్గర ట్యూషన్‌కి వెళ్తుంది.

దసరా సెలవులకు ముందు ట్యూషన్లో చిన్న పరీక్ష పెట్టారు. '4/6కు సమానమైన భిన్నం ఒకటి రాయండి' అన్న ప్రశ్నకు పాప 6/9 అని రాసింది. సార్ ఎర్రసిరాతో కొట్టేశారు. ఎలా చేశావని అడిగితే 'పైన రెండు కలిపాను, కింద మూడు కలిపాను' అంది. 'సమాన భిన్నాలకు గుణించాలి గానీ కలపకూడదు. అసలు నాలుగుని ఎంతతో గుణిస్తే ఆరు వస్తుంది? రాదు కదా' అని ఆయన అందరి ముందూ అన్నారట. ఆ రోజు నుంచి పాప లెక్కల పుస్తకం తెరవడం లేదు. తల్లి గట్టిగా అడిగితే, '2/4లో అంకెలు పెద్దవి కదా, మరి 1/2 కంటే ఎందుకు ఎక్కువ కాదో నువ్వు చెప్పు' అని ఎదురు ప్రశ్న వేసింది. తనకి జవాబు తెలియలేదని ఈ సోదరి రాశారు. సార్‌ని ఒకసారి అడిగి చూద్దామంటే భర్త ఒప్పుకోలేదు. 'ఆయన ఎమ్మెస్సీ చదివాడు. జాకెట్లు కుట్టుకునేదానివి, నీకెందుకు ఈ లెక్కలు' అన్నారు, అదీ పాప వింటుండగా. పైగా ఆడపడుచు పిల్లలు కూడా అదే ట్యూషన్‌కి వెళ్తారు, మాట పెరిగితే ఇంటిదాకా వస్తుందని భయం. 6/9 నిజంగా తప్పా? సార్‌ని అడగనా, వద్దా? ట్యూషన్ మాన్పించనా? నేనే నేర్పుకోగలనా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

ముందు మీరు ఎదురుచూస్తున్న మాట చెప్పేస్తాను. మీ పాప రాసిన జవాబు ఒప్పు. 4/6లో పైదాన్నీ కిందిదాన్నీ రెండుతో భాగించండి, 2/3 వస్తుంది. 6/9ని మూడుతో భాగించండి, మళ్లీ 2/3యే. ఇంకా అనుమానముంటే అడ్డగుణకారం చేసి చూడండి. నాలుగు తొమ్మిదులు ముప్పై ఆరు, ఆరు ఆర్లు ముప్పై ఆరు. రెండువైపులా ఒకటే వచ్చింది కాబట్టి రెండు భిన్నాలూ సమానం. ఎమ్మెస్సీ చదివినవారు చేసినా, ఆరో తరగతి పిల్ల చేసినా అంతే వస్తుంది.

అయితే ఇక్కడితో ఉత్తరం మూసేయలేను. జవాబు ఒప్పయితే దారి కూడా ఒప్పేనని అనుకోకూడదు. భిన్నాల్లో తప్పుదారిన వెళ్లినవాళ్లు కూడా ఒక్కోసారి ఒప్పు జవాబు దగ్గరే తేలతారు. 16/64 చూడండి. పైన ఉన్న ఆరునీ కింద ఉన్న ఆరునీ కొట్టేస్తే 1/4 మిగులుతుంది. నిజమైన జవాబు కూడా 1/4యే! 26/65లో ఆర్లు కొట్టేసినా 2/5 వస్తుంది, అదీ ఒప్పే. అదే పని 12/24లో చేసి రెండ్లు కొట్టేస్తే 1/4 వస్తుంది. ఇరవై నాలుగులో పన్నెండు సగం కదా, పావు ఎలా అవుతుంది? అంకెలు కొట్టేయడమే పద్ధతి అనుకున్న పిల్లకి మొదటి రెండింటికీ పూర్తి మార్కులు పడతాయి. మూడోది ఎందుకు పోయిందో ఎంత ఆలోచించినా తెలియదు. మీ పాపది ఇలాంటి అదృష్టమా, లేక ఆమెకి నిజంగానే ఏదో కనిపించిందా? ఆ రోజు పాపని అడగాల్సిన ప్రశ్న అది. ఎవరూ అడగలేదు.

సార్ చెప్పిన సూత్రంలో తప్పు లేదని కూడా మీకు తెలియాలి. లవాన్నీ హారాన్నీ, అంటే పైదాన్నీ కిందిదాన్నీ, సున్నా కాని ఒకే సంఖ్యతో గుణించినా భాగించినా భిన్నం విలువ మారదు. ఆయన జారింది ఆ తర్వాతి మాట దగ్గర. నాలుగుని ఎంతతో గుణిస్తే ఆరు వస్తుంది? ఒకటిన్నరతో. ఆరుని ఒకటిన్నరతో గుణిస్తే? తొమ్మిది. 'ఒకే సంఖ్య' అంటే అది రెండో మూడో అయి తీరాలని ఎక్కడా లేదు. ఒకటిన్నర పాపకి కష్టమనిపిస్తే రెండు అడుగుల్లో వెళ్లొచ్చు. 4/6ని రెండుతో భాగించి 2/3 దగ్గరికి రావడం, దాన్ని మూడుతో గుణించి 6/9 దగ్గరికి వెళ్లడం. సార్ సూత్రాన్ని ఎక్కడా దాటలేదు, జవాబు మాత్రం పాపదే. ఆయనకీ ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఇరవై పేపర్లు వరసగా దిద్దుతున్నప్పుడు కళ్లు 8/12 కోసమో 2/3 కోసమో వెతుకుతాయి, 6/9 కనబడగానే చెయ్యి కొట్టేస్తుంది.

ఇక పాప చేసిన పని. దీన్ని మీకంటే బాగా అర్థం చేసుకోగలవాళ్లు తక్కువ. బ్లౌజు చేతుల అంచుకి పూసలు కుడుతున్నారనుకోండి. రెండు బంగారు రంగు పూసలు, ఒక తెల్ల పూస, మళ్లీ రెండు బంగారువి, ఒక తెల్లది. మూడు పూసలు కుట్టేసరికి అందులో బంగారువి 2/3. ఆరు కుట్టేసరికి 4/6. తొమ్మిది కుట్టేసరికి 6/9. ఒక్కో వరస పడినప్పుడల్లా పైన రెండు పెరుగుతుంది, కింద మూడు పెరుగుతుంది. అంచు పొడుగవుతోందే గానీ డిజైన్ మారడం లేదు. 'పైన రెండు కలిపాను, కింద మూడు కలిపాను' అన్న మాటకి అర్థం ఇదే అయితే, మీ పిల్ల సమాన భిన్నాల్ని చాలామంది పెద్దవాళ్లకంటే బాగా చూసినట్టే. 4/6 లోపల 2/3 దాక్కుని ఉందని ఆమెకి తెలిసిందన్నమాట.

అర్థం ఇదేనా కాదా అన్నది ఒక్క ప్రశ్నతో బయటపడుతుంది. ఏదో పని చేసుకుంటున్నప్పుడు మామూలుగా అడగండి, పరీక్షలా కాకుండా. 'నీ పద్ధతిలోనే 3/5కి సమానమైనది చెప్పు, చూద్దాం.'

6/10 అందనుకోండి, పైన మూడు, కింద అయిదు కలిపిందన్నమాట. ఇంకేం అక్కర్లేదు, విషయం ఆమెకి తెలుసు. 5/8 అంటే మాత్రం రెండూ మూడూ అన్న అంకెల్ని మంత్రంలా పట్టుకుంది. 2/3కి పనికొచ్చినవి 3/5కి పనికిరావని తెలియలేదు. 5/8కీ 3/5కీ తేడా చాలా తక్కువ కాబట్టి కంటికి ఆనదు కూడా. అదే మంత్రాన్ని 1/2 మీద వేయించండి. పైన రెండు, కింద మూడు కలిపితే 3/5. అయిదులో సగం రెండున్నర, ఇక్కడేమో మూడు ఉన్నాయి. తప్పు తనకే కనబడుతుంది. 3/5కి ఆమె చెప్పగల ఇంకొక జవాబు 4/6. అంటే పైనా కిందా ఒక్కొక్కటి కలపడం. పిల్లలు ఎక్కువగా పడేది ఈ గుంటలోనే, 'రెండువైపులా ఒకేలా చేశాను కదా' అంటారు. అలా అంటే 1/2తో మొదలుపెట్టి ఒక్కొక్కటే కలుపుకుంటూ పొమ్మనండి. 2/3, 3/4, 4/5... అలా పోతే 99/100 కూడా వస్తుంది. అర మీటరు గుడ్డ అడిగితే 99 సెంటీమీటర్లు కోసిచ్చే షాపు మీ ఊళ్లో ఉంటే నాకూ చెప్పండి, పండగకి వస్తాను.

'కలపకూడదు' అని సార్ అంత గట్టిగా అనడానికి ఒక కారణం ఉండి ఉంటుంది. దీని తర్వాత వచ్చేది భిన్నాల కూడిక. 1/2, 1/3 కూడమంటే సగం క్లాసు పైవి పైవి, కిందవి కిందవి కలిపి 2/5 అని రాస్తుంది. 2/5 అంటే సగం కూడా కాదు. అరకి ఇంకొంత కలిపితే అర కంటే తగ్గడమేమిటి? ఈ తప్పు ఏటా చూసేవారికి 'కలిపాను' అన్న మాట వినగానే ఒళ్లు మండుతుంది. అందుకే పూసలకీ కూడికకీ తేడా పాపకి ముందే చెప్పి ఉంచండి. పూసల్లో ఒక వరసకి ఇంకో వరస చేరినప్పుడు బంగారు పూసలే కాదు, మొత్తం పూసలు కూడా పెరిగాయి. అందుకే వంతు మారలేదు. కూడికలో మొత్తం పెరగదు, అదే ఇంచు, అదే మీటరు. అందులో అర తీసుకుని, ఇంకా మూడో వంతు తీసుకుంటున్నాం. అప్పుడు రెండు ముక్కల్నీ ఒకే సైజు ముక్కలుగా మార్చి లెక్కపెట్టాలి. అర అంటే 3/6, మూడో వంతు అంటే 2/6, రెండూ కలిపి 5/6. సమాన భిన్నాలు నేర్పేది ముఖ్యంగా ఈ పని కోసమే. ఇది నిన్నమొన్న పుట్టిన తలనొప్పేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలోనే మహావీరాచార్యుడనే గణితవేత్త క.సా.గు. (హారాలన్నిటితోనూ శేషం లేకుండా భాగింపబడే అతి చిన్న సంఖ్య) కనుక్కుని భిన్నాలన్నింటినీ ఒకే హారంలోకి తెచ్చే పద్ధతి రాశాడు. ఆయన రాసిన గణితసారసంగ్రహం అనే పుస్తకాన్ని తర్వాతి కాలంలో కవి పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో లెక్కల పుస్తకానికి అంత వయసుంది.

2/4లో అంకెలు పెద్దవి కదా అన్న ప్రశ్నకి మీ దగ్గర జవాబు లేదన్నారు. మీ మెడలో ఉంది. టేపు తీసి ఇంచుల వైపు చూపించండి. చాలా టేపుల్లో ఒక్కో ఇంచుని ఎనిమిది భాగాలు చేసి ఉంటుంది, కొన్నింట్లో పదహారు. సరిగ్గా అర ఇంచు గీత మీద వేలు పెట్టించండి. ఇంచుని రెండే భాగాలు చేసి ఉంటే అది మొదటి గీత, అంటే 1/2. నాలుగు భాగాలు చేస్తే అదే గీత రెండోది, 2/4. ఎనిమిది చేస్తే నాలుగోది, 4/8. పదహారు చేస్తే ఎనిమిదోది, 8/16. వేలు ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. మధ్యలో గీతలు ఎక్కువయ్యాయి కాబట్టి లెక్క పెద్దదైంది. గీతకీ గీతకీ మధ్య జాగా ఆ మేరకు తగ్గింది. ముక్కలు రెట్టింపయ్యాయి, ఒక్కో ముక్క సగమైంది. 'గుణిస్తే పెరగాలి కదా' అని మళ్లీ అడిగిందనుకోండి. పైన రెండుతో, కింద రెండుతో గుణించడమంటే 2/2తో గుణించడం, 2/2 అంటే ఒకటి, ఒకటితో గుణిస్తే ఏదీ పెరగదు. ఈ రెండో జవాబు మొదటిది అర్థమయ్యాకే చెప్పండి. ముందే చెబితే అదీ ఒక మంత్రమే అవుతుంది.

ఇప్పుడు మీ సంగతి. ఛాతి చుట్టుకొలత 34 వస్తే నాలుగో వంతు ఎంత పెట్టుకుంటారు? ఎనిమిదిన్నర. ముప్పై నాలుగుని నాలుగుతో భాగిస్తే ఎనిమిది, మిగిలింది రెండు. ఆ మిగిలింది 2/4. దాన్ని మీరు 'అర' అని చాక్‌పీసుతో గుర్తు పెడుతున్నారు. 35 వస్తే ఎనిమిదీ ముప్పావు అని పెడతారు, టేపు మీద దాన్ని ఎనిమిది దాటాక ఆరో గీత దగ్గర చూసుకుంటారు. 3/4నీ 6/8నీ ఒకటి చేస్తున్నారు. కాగితం లేకుండా, నోటు పుస్తకం లేకుండా, రోజుకి ఎన్నిసార్లో. పాప కళ్ల ముందే చేస్తున్నారు. కాకపోతే దీన్ని లెక్క అని ఇంట్లో ఎవరూ అనలేదు, మీరు కూడా.

టేపుతో చెప్పేటప్పుడు రెండు జాగ్రత్తలు. అర అంటే దేనిలో అర అని ప్రతిసారీ అడిగించండి. పావు గజం, పావు మీటరు రెండూ పావులే, కానీ పావు గజం తొమ్మిది ఇంచులు, పావు మీటరు పది ఇంచులకి కాస్త తక్కువ. మొత్తం ఒకటే అయినప్పుడే సమాన భిన్నాల మాట. రెండోది, గుడ్డ మడత పెట్టి చూపిస్తే 1/2, 2/4, 4/8 చక్కగా వస్తాయి గానీ, అక్కడే ఆగితే పాప సమాన భిన్నమంటే రెట్టింపు చేయడమే అనుకుంటుంది. మూడు మడతలు కూడా వేయించండి. 1/3 మీద గుర్తు పెట్టించి, దాన్ని మళ్లీ మధ్యకి మడిస్తే 2/6 వస్తుంది.

ఇక అసలు చిక్కుకి వద్దాం. సార్‌ని అడగడమా, మానడమా.

ఏమీ అనకుండా ఊరుకోవడం ఒక దారి. ఇంట్లో గొడవ ఉండదు, ఆడపడుచు దగ్గర మాట రాదు. కానీ పాప దృష్టిలో ఆ ఎర్రగీత అలాగే ఉంటుంది. తను రాసింది ఒప్పని మీరు ఇంట్లో చెప్పి బయట చెప్పకపోతే, అమ్మ తన మీద ప్రేమతో అలా అందనుకుంటుంది. పదకొండేళ్ల పిల్లలు ఆ తేడా బాగా పట్టేస్తారు. కనీసం అడ్డగుణకారం చేసి తన జవాబుని తనే సరిచూసుకునేలా చేస్తే నష్టం కొంత తగ్గుతుంది. అప్పుడు ఎవరి మాటా నమ్మక్కర్లేదు, ముప్పై ఆరూ ముప్పై ఆరూ కళ్లకి కనిపిస్తాయి.

వెళ్లి అడగడం ఇంకో దారి, నాకు నచ్చేది ఇదే. ఎలా అడుగుతారన్నదే ముఖ్యం. 'మీరు తప్పు దిద్దారు' అని మొదలుపెడితే ఏ టీచరైనా బిగుసుకుంటారు. పిల్లలంతా వెళ్లిపోయాక, నోటు చేతిలో పట్టుకుని, 'సార్, 4/6, 6/9 రెండూ కనిష్ఠ రూపంలో 2/3 అవుతున్నాయి, మరి సమానమేనా, నాకు అనుమానంగా ఉంది' అనండి. లెక్క ఆయన ముందే ఉంటుంది, ఒప్పుకోవడానికి ఆయనకి దారి ఉంటుంది. చాలామంది 'అవును కదా, చూసుకోలేదు' అంటారు. అంటే, ఆ మాట రేపు పాపతో కూడా అనమని అడగండి. అందరి ముందు కొట్టేసినదాన్ని అందరి ముందు కాకపోయినా పాప ముందయినా సరిచేయాలి కదా. 'జవాబు ఒప్పే, కానీ స్టెప్పులు రాయలేదు' అని ఆయన అనవచ్చు. ఆ మాటలో న్యాయం ఉంది, ఒప్పుకోండి. స్కూలు పరీక్షల్లో కూడా స్టెప్పులకి మార్కులు ఉంటాయి. 4/6 = 2/3 = 6/9 అని మధ్య మెట్టు రాయడం పాపకి అలవాటు చేయండి. ఆ ఒక్క మెట్టు ఉండుంటే ఈ గొడవే వచ్చేది కాదు. లెక్క చూపించాక కూడా ఆయన తప్పే అంటే మాత్రం వాదించకుండా వచ్చేయండి. స్కూల్లో లెక్కలు చెప్పే టీచర్‌కి పాప చేతే అదే లెక్క చూపించి అడిగించండి. ట్యూషన్ గురించి నిర్ణయం అప్పుడు తీసుకోవచ్చు.

ఇప్పుడే మాన్పించడం తొందరపాటు అనిపిస్తుంది. ఒక్క దిద్దుబాటు పొరపాటుతో మనిషిని కొలవలేం. మానితే పాపకి అర్థమయ్యేది కూడా వేరుగా ఉండొచ్చు, నచ్చని మాట వస్తే లేచి వచ్చేయవచ్చని. కానీ ఒకటి గమనించండి. ఆయన అందరి ముందూ అన్న మాట ఆ ఒక్క రోజుదేనా, లేక అక్కడ రోజూ అలాగే ఉంటుందా? తప్పు రాసిన పిల్లల్ని నవ్వులపాలు చేయడం అలవాటుగా ఉంటే, ఆయన ఎంత చదివినా, ఎన్ని ర్యాంకులు తెప్పించినా, నేనైతే మాన్పిస్తాను. ఆడపడుచుకి ఏం చెప్పాలన్న బాధ ఆ తర్వాత చూసుకోవచ్చు.

మీరే నేర్పడం గురించి అడిగారు. భిన్నాల వరకు నిస్సందేహంగా నేర్పగలరు. రోజూ పదిహేను నిమిషాలు చాలు, అదీ కుట్టు మిషన్ దగ్గరే, ప్రత్యేకంగా కూర్చోబెట్టక్కర్లేదు. కానీ ఆరో తరగతంటే భిన్నాలొక్కటే కాదు. బీజగణితం, రేఖాగణితం వచ్చినప్పుడు మీరు ముందు చదువుకుని తర్వాత చెప్పాలి. పెళ్లిళ్ల సీజన్లో అది అయ్యే పనేనా? మీ ఓపిక మీకే తెలుసు. ట్యూషన్ ఉంచి, భిన్నాల వరకు మీరు పట్టించుకోవడం మధ్యేమార్గం. అందులో ఒక ఇబ్బంది లేకపోలేదు. ఒకే పాఠాన్ని సార్ ఒకలా, మీరు ఒకలా చెబితే పాప తికమకపడొచ్చు. అందుకే మీరు చెప్పేదాని చివర, 'దీన్నే సార్ గుణించడం అంటారు' అని ముడి వేసి వదలండి.

మీ ఆయన అన్న మాట గురించి మీరు ఉత్తరంలో రెండే వాక్యాలు రాశారు, ఆ రెండిటి దగ్గరే సిరా బాగా ఒత్తి ఉంది. ఆ మాటని లెక్కల గొడవలో కలపకండి. 6/9 ఒప్పని తేలిందని ఆయన ముందు నెగ్గాలనుకుంటే పాప జవాబు మీ ఇద్దరి పంతం అవుతుంది. పాప లేనప్పుడు విడిగా చెప్పండి. 'మీరు నన్ను అన్నదానికి కాదు, పిల్ల వినింది, రేపు అది నన్ను ఏదైనా అడగాలంటే మానేస్తుంది' అని. ఆయనకి ఈ కారణం ఎక్కుతుందని నా నమ్మకం. ఎక్కకపోతే, ఆ సమస్య భిన్నాలది కాదు, దాని గురించి మళ్లీ విడిగా రాయండి.

ఆయన్ని ఈ పాఠంలోకి లాగడానికి మంచి దారి కూడా ఉంది. మీ ఊరు తెలంగాణ, ఆంధ్ర సరిహద్దులో ఉంది. ఇటువైపు గుంటలు, అటు జగ్గయ్యపేట వైపు నుంచి కొనడానికి వచ్చేవాళ్లు సెంట్లు అంటారు. ఎకరానికి నలభై గుంటలు, వంద సెంట్లు. పది గుంటలంటే 10/40, ఇరవై అయిదు సెంట్లంటే 25/100. రెండూ పావు ఎకరమే, 1210 గజాలు. ఆయన ఫోన్లో ఇది రోజూ చెబుతూనే ఉంటారు. 'నాన్నా, పది గుంటలు, ఇరవై అయిదు సెంట్లు ఒకటే ఎలా అవుతాయి' అని పాప చేత అడిగించండి. పదిని ఎంతతో గుణిస్తే ఇరవై అయిదు వస్తుందో కూడా అడిగించండి. రెండున్నరతో. మీ పాప 6/9 విషయంలో ఒకటిన్నర ఎలాగో ఇక్కడ రెండున్నర అలాగే. ఈ ముక్క ఆయన నోటితోనే రానివ్వండి, మీరు పక్కన నుంచి అందించకండి.

పాపతో చేయించడానికి కొన్ని లెక్కలు. టేపు మీద ముప్పావు ఇంచు గీతని ఎనిమిదుల్లో, పదహారుల్లో చెప్పించండి. 6/8, 9/12 సమానమా అని అడగండి. ఇది 4/6, 6/9కి కవల లెక్క. 10/15, 14/21 ఇవ్వండి, ఇక్కడ ఏ ఒకటి రెండోదానిలోకి తిన్నగా పోదు, రెండింటినీ కనిష్ఠ రూపంలోకి తెస్తే తేలుతుంది. 5/8 అర కంటే ఎక్కువా తక్కువా అన్నది లెక్క చేయకుండా చెప్పమనండి. తర్వాత 3/5కి సరిపోయే పూసల అంచు ఒకటి తననే గీయమనండి, మూడు బంగారువి, రెండు తెల్లవి. పదిహేను పూసలకి బంగారువి ఎన్ని? తొమ్మిది అని చెప్పగలిగితే, వంద పూసలకి ఎన్ని అని అడగండి. అరవై అంటే శాతాల పాఠం కూడా మొదలైపోయినట్టే. చెప్పలేకపోతే వదిలేయండి, దానికి ఇంకా టైముంది.